మొదటి జీతం అందేదాకా



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచి, విషయం మీరే ఎంచుకోండి అన్నారు. నాకు వెతుక్కునే పని పడలేదు. ఆయన హైదరాబాద్ పాతబస్తీలోని దబీర్‌పురాలో తెలుగు పంతులు. ఉర్దూ మీడియం పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించిన మనిషి. సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లకల్లా దరఖాస్తులు రాసిపెట్టేవారు. రేషన్ కార్డుకు, పింఛనుకు, అన్నిటికంటే ఎక్కువగా ఉద్యోగాలకు. కాగితం, కవరు, తపాలా బిళ్ల ఆయనవే. వాటిలో చాలా దరఖాస్తులకు జవాబు రాలేదు. ఎందుకు రాలేదన్నదే ఈ రోజు నేను మాట్లాడదలచుకున్న సంగతి.

ఒళ్లు వంచేవాడికి పని దొరకదా అని చదువుకున్నవాళ్ల ఇళ్లలో తరచూ వింటాం. పాతబస్తీ విషయంలో ఈ మాట మరీ తేలిగ్గా అనేస్తారు. అక్కడి కుర్రాళ్లు అర్ధరాత్రి దాకా చాయ్ హోటళ్ల ముందు కూర్చుంటారు, పొద్దెక్కాక లేస్తారు, వాళ్లకు ఉద్యోగాలెవరిస్తారు అంటారు. నేను చెప్పేది వేరు. పేదవాడికి పని దొరక్కుండా అడ్డుపడుతున్న వాటిలో అన్నిటికంటే పెద్దది పేదరికమే. పని వెతుక్కోవడానికి డబ్బు కావాలి. దొరికాక, మొదటి జీతం చేతికి వచ్చేదాకా ఇల్లు గడవడానికి అంతకంటే ఎక్కువ డబ్బు కావాలి. అది లేనివాడు ఎంత కష్టజీవి అయినా ఈ సాయంత్రం కూలి చేతిలో పెట్టే చోటికే వెళతాడు. వెళ్లినవాడు అక్కడే ఉండిపోతాడు.

ముందు ఈ దబీర్‌పురా పేట సంగతి కొంచెం చెప్పుకుందాం. పాత నగరం చుట్టూ ఉన్న ప్రహరీకి పదమూడు దర్వాజాలుండేవి. నేటికీ నిలిచినవి రెండే, పురానాపూల్ దర్వాజా, మన దబీర్‌పురా దర్వాజా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నివసించిన పురానీ హవేలీ ఇక్కడికి నడిచి వెళ్లే దూరం. మొహర్రం పదో రోజున బీబీ కా ఆలం ఊరేగింపు కదిలేది ఇక్కడి బీబీ కా అలావా నుంచే. అంటే ఇది కొలువుకు దగ్గరగా, కొలువును నమ్ముకుని బతికిన పేట. నవాబుల దేవిడీల్లో వంటవాళ్లు, కాపలావాళ్లు, దర్జీలు, గుర్రాలు చూసేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, ఫౌజులో జవాన్లు, దఫ్తర్లలో చప్రాసీలు.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో ఆ కొలువు కూలిపోయింది. ఫౌజు పోయింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారీ పోవలసిందే, అందులో రెండో మాట లేదు. రైతు నడ్డి విరిచిన వ్యవస్థ అది. అయితే జాగీర్దారుకు పరిహారం లెక్కగట్టి ఇచ్చారు గానీ ఆయన ఇంట్లో వంట చేసినవాడికి, దేవిడీ గుమ్మం దగ్గర నిలబడ్డవాడికి ఎవరూ లెక్క కట్టలేదు. చేతిలో మరో వృత్తి లేని కుటుంబాలు ఒక్క ఏడాదిలో బజారున పడ్డాయి. ఈనాటి పాతబస్తీ పేదరికంలో ఒక పెద్ద పాయ అక్కడ మొదలైంది.

అదే సమయంలో భాష మారింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైనప్పుడు బోధనా భాష ఉర్దూ. వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం కూడా ఉర్దూలోనే చెప్పారు. 1948 తర్వాత అక్కడికి ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూ చదువే తమ ఆస్తి అనుకున్న కుటుంబాల్లో పిల్లలకు ఆ చదువు కొలువు తెచ్చిపెట్టడం మానేసింది.

ఇక్కడ తెలుగువాళ్లుగా మనం గుర్తు చేసుకోవలసింది ఒకటుంది. 1921 నవంబరులో ఇదే నగరంలో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. ఆ రోజుల్లో ఉర్దూ రాని తెలుగు పిల్లవాడికి సర్కారు నౌకరీ అందని పండు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, దఫ్తరులో మరో భాష అయితే ఎంత నలిగిపోవాలో మన తాతలకు తెలుసు. ఒక తరం తిరిగేసరికి అదే దెబ్బ ఈ గల్లీల పిల్లలకు తగిలింది. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేసింది. మంచిదే. కానీ బట్టల షోరూములో, ఆసుపత్రి కౌంటరు దగ్గర, కాల్ సెంటరులో అడిగేది ఇంగ్లీషు, తెలుగు. మాస్టారు ఉర్దూ మీడియం పిల్లలకు తెలుగు నేర్పాలని అంత పట్టుబట్టింది ఇందుకే. తెలుగు మాట్లాడటం వచ్చిన దబీర్‌పురా అమ్మాయికి దిల్‌సుఖ్‌నగర్‌లో పని దొరికే అవకాశం ఎంత పెరుగుతుందో ఆయన కళ్లారా చూశారు.

తర్వాత నగరం పెరిగింది. పెరిగింది చాలావరకు మూసీకి అవతలే. బాలానగర్‌లో ఐడీపీఎల్, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1967లో ఈసీఐఎల్, అన్నీ ఉత్తరానికో పడమటికో వెళ్లాయి. దక్షిణాన కంచన్‌బాగ్‌లో 1970లో బీడీఎల్, 1973లో మిధానీ వచ్చాయి. అవి దబీర్‌పురాకు దగ్గరే. దగ్గరైనంత మాత్రాన ఏముంది, ఐటీఐ సర్టిఫికెటో డిప్లొమానో లేనివాడికి ఆ గేటు తెరుచుకోదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక నగరం బరువంతా అటే ఒరిగింది. దబీర్‌పురా నుంచి అక్కడికి దాదాపు 20 కిలోమీటర్లు.

మనకు రైలు స్టేషను లేకపోలేదు. ఫలక్‌నుమా ఎంఎంటీఎస్ లైను మీద యాకుత్‌పురాకు ముందు మలక్‌పేట దాటగానే మన స్టేషనే. ఆ పట్టాలే సికింద్రాబాద్, బేగంపేట మీదుగా హైటెక్ సిటీ దాకా వెళతాయి. టికెట్ చౌక. కానీ షిఫ్టు వేళకు రైలుండాలి కదా. కోవిడ్‌తో 2020 మార్చిలో ఆగిన ఎంఎంటీఎస్ మళ్లీ కదిలింది 2021 జూన్‌లో. ఆ పదిహేను నెలలు ఈ రైలు మీద బతికినవాళ్లు ఏమయ్యారని ఎవరూ అడగలేదు. మెట్రో 2017 నవంబరులో మొదలైంది. జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అని గీసిన లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ వరకు వచ్చి మూసీలో ఆగిపోయింది. మిగిలిన అయిదున్నర కిలోమీటర్లకు 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. నగరంలో మిగతావాళ్లకు రైలు అందిన ఆరేళ్లు దాటాక మన వంతు పునాదిరాయి పడిందన్నమాట. ఆడపిల్లలకు మాత్రం ఒక మేలు జరిగింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. పనికి వెళ్లడానికి రోజూ భర్తనో తండ్రినో చార్జీలడగవలసిన అమ్మాయికి ఇది ఎంత పెద్ద సంగతో చార్జీలకు ఎన్నడూ వెతుక్కోనివాళ్లకు అర్థం కాదు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు విషయానికి వస్తాను. ఇటీవల ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చాడు. ఇరవై మూడేళ్లుంటాయి. ఇంటర్ పాసయ్యాడు. ఒక గోదాములో పని ఉందని తెలిసి, దరఖాస్తు చూసిపెట్టమని అడిగాడు. చంకలో బటన్ ఉన్న ప్లాస్టిక్ కవరు. అందులో అతని జీవితమంతా ఉంది. పదో తరగతి మెమోలో అతని పేరు ముందు ‘మహమ్మద్’ అని పూర్తిగా ఉంది. ఆధార్‌లో ‘ఎండీ’. పాన్ కార్డులో ముందున్న మాటే లేదు. బ్యాంకు పాసుబుక్కులో తండ్రి పేరు ముందుకొచ్చి, తన పేరు వెనక్కు పోయింది. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులు. పీఎఫ్ ఖాతా తెరవాలంటే ఆధార్‌లో ఉన్నట్టే అన్నిటా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా పడి, మన తెలుగువాళ్లు పడే తంటా కూడా ఇదే. కాకపోతే ఉద్యోగంలో ఉన్నవాడు ఒక పూట సెలవు పెట్టి సరిచేయించుకుంటాడు. ఈ కుర్రవాడికి ఆ పూట అంటే ఆ రోజు కూలి. టోకెన్ అయిపోయింది రేపు రమ్మంటే మరో రోజు కూలి. చిరునామా రుజువు ఇంకో చిక్కు. అద్దె ఇల్లు, కరెంటు బిల్లు యజమాని పేరు మీద ఉంది, ఒప్పంద పత్రం రాసివ్వడానికి యజమాని ఒప్పుకోడు. పోలీసు వెరిఫికేషన్‌కు ఫీజు, ఫొటోలు, జిరాక్సులు. ఇంటర్వ్యూకి గచ్చిబౌలి వెళ్తే, మేనేజరు లేరు సోమవారం రండి అన్నారట.

ఇవన్నీ దాటాడనుకుందాం. ఒకటో తేదీన చేరాడు. వేతన చెల్లింపు చట్టం 1936 నాటిది. నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా ఇవ్వాలనేది, వెయ్యిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట పదో తేదీలోగా. ఇప్పటి వేతన కోడ్ కూడా ఏడో తేదీ అనే చెబుతోంది. చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించే యజమాని దగ్గర చేరినా, జూన్ 1న చేరినవాడు జీతం కళ్లజూసేది జూలై 7న. ముప్పై ఏడు రోజులు. ఆ ముప్పై ఏడు రోజులూ బస్సుకు, మధ్యాహ్నం తిండికి, నల్ల ప్యాంటుకు, బూట్లకు ఎవరిస్తారు? ఇంట్లో అమ్మ మందులకు, చెల్లెలి ఫీజుకు, అద్దెకు? కూలీల అడ్డా మీద నిలబడితే సాయంత్రానికి కూలి వస్తుంది. దొరికిన రోజే దొరుకుతుంది, దొరకని రోజు పస్తు, కానీ దొరికితే ఆ రోజే వస్తుంది. నెల జీతంలో భద్రత ఉందని అతనికి తెలియక కాదు. ఆ భద్రత దాకా వెళ్లడానికి దారి ఖర్చు లేదు. ఫైనాన్సువాళ్ల దగ్గర తీసుకుంటే మొదటి జీతం వడ్డీకే పోతుంది. ఆ కుర్రవాడు గోదాములో చేరలేదు. ఇప్పుడు ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. బండి అద్దెది.

మన దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద 2012 నుంచి అజహర్ మఖ్సూసీ గారు రోజూ మధ్యాహ్నం ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెడుతున్నారు. ఆకలికి మతం లేదన్నది ఆయన మాట. దేశమంతా ఆయన్ను మెచ్చుకుంది, ఆ మెప్పు ఆయనకు దక్కవలసిందే. అడ్డా మీద పొద్దున్నుంచి నిలబడి, పని దొరక్క మధ్యాహ్నానికి ఖాళీ చేతులతో మిగిలిన మనిషికి ఆ పళ్లెం ఎంత ఆసరానో ఆలోచించండి. పనిచేసే చేతులు అన్నం కోసం వరుసలో నిలబడవలసి రావడం ఈ నగరానికి సిగ్గుచేటు.

ఆడవాళ్ల సంగతి మరీ మరుగున ఉంటుంది, ఎందుకంటే వాళ్లు ఇంట్లోనే పనిచేస్తారు. ఈ చుట్టుపక్కల ఏ గల్లీలోకి వెళ్లినా ఒక గదిలో కార్చోబ్ పరిచి ఉంటుంది, మనం మగ్గం వర్క్ అంటామే, దాని చట్రం. బట్టను బిగలాగి కట్టి, ఇద్దరు ముగ్గురు వంగి కూర్చుని జర్దోజీ కుడుతుంటారు. వెలుగు కోసం కిటికీ పక్కన కూర్చునే వంతులేసుకుంటారు. రెండు మూడేళ్లలో నడుం పడిపోతుంది, కళ్లు మసకబారతాయి. బట్ట తెచ్చిచ్చేది సేఠ్ మనిషి, రేటు చెప్పేదీ అతనే. ఆ జాకెట్టు షోరూములో ఎంతకు అమ్ముడవుతుందో కుట్టినామెకు తెలియదు. పండక్కో జబ్బుకో ముందుగా పేష్గీ తీసుకుని ఉంటుంది, అది తీరేదాకా మరో సేఠ్ దగ్గరికి వెళ్లలేదు. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజుల పనిలోనే 2015 జనవరిలో పాతబస్తీ కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు, ఎక్కువమంది బీహార్ పిల్లలు. అంత చవగ్గా పిల్లలు దొరుకుతుంటే ఇక్కడి పెద్దలకు న్యాయమైన కూలి ఎవరిస్తారు? 1990 అల్లర్ల తర్వాత మజహర్ హుస్సేన్ గారు మొదలుపెట్టిన కోవా, కవయిత్రి జమీలా నిషాత్ గారి షాహీన్ వంటి సంస్థలు ఈ స్త్రీలతో ఏళ్ల తరబడి పనిచేశాయి. పనికి కూలి అడగడం నేర్పాయి. ప్రభుత్వం చేయవలసిన పనిలో కొంత వాళ్ల భుజాల మీద నడిచింది.

మగవాళ్లలోనూ చేతిలో పని ఉండి, కాగితం లేనివాళ్లే ఎక్కువ. పన్నెండేళ్లకే ఉస్తాద్ దగ్గర చేరి డెంటింగ్, పెయింటింగ్ నేర్చినవాడు ఇంజిన్ చప్పుడు విని రోగం చెబుతాడు. కంపెనీ సర్వీస్ సెంటరులో అడిగేది సర్టిఫికెట్. చేతిలో ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తించే పథకం 2015 నుంచి కేంద్రంలో ఉంది. మెకానిక్ షెడ్డు దాకా ఆ కబురు చేరిందెక్కడ? జంటనగరాల యువకులకు ఉపాధి శిక్షణ కోసమే 1978లో సెట్విన్ పెట్టారు. దాని చిన్న బస్సులు మీలో చాలామందికి గుర్తుంటాయి. అలాంటి సంస్థను పెంచుకుంటూ పోవలసింది పోయి బక్కచిక్కిపోనిచ్చాం.

ఇన్నీ సరిగా ఉన్నా పేరు దగ్గర, చిరునామా దగ్గర ఆగిపోయేవాళ్లున్నారు. ఇది మనసుకు తోచి అంటున్న మాట కాదు. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు సమానమైన చదువు, అనుభవం చూపిస్తూ పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకులాల పేరున్న దరఖాస్తుతో పోలిస్తే, దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. దేశంలో ముస్లింల స్థితిగతులను పరిశీలించిన సచార్ కమిటీ 2006 నివేదిక చెప్పింది ఇంకొకటి. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను అప్పివ్వకూడని చోట్లుగా గుర్తుపెట్టుకుంటాయట. అంటే ఉద్యోగం రానివాడు సొంతంగా దుకాణం పెట్టుకుందామన్నా పిన్‌కోడ్ అడ్డం. దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం ఉన్న కాలంలో రైల్వే ఉద్యోగుల్లో వాళ్లు 4.5 శాతమని ఆ నివేదికే లెక్క చెప్పింది. 2016లో సుధీర్ కమిషన్ తెలంగాణ ముస్లింల స్థితిని పరిశీలించి రిజర్వేషను పెంచమంది. మరుసటి ఏడు శాసనసభ 12 శాతానికి బిల్లు ఆమోదించింది. అది అమలుకు రాలేదు, నాలుగు శాతం దగ్గరే ఉన్నాం.

2007 మక్కా మసీదు పేలుడు తర్వాత ఇక్కడి యువకుల్ని పట్టుకుపోయారు. కోర్టులు నిర్దోషులన్నాక ప్రభుత్వమే పరిహారం ప్రకటించవలసి వచ్చింది. వాళ్లు పదుల సంఖ్యలోనే. కానీ ఆ అనుమానం వేలమంది దరఖాస్తుల మీద పడింది. దబీర్‌పురా అని రాయడానికి జంకి మలక్‌పేటలోని మేనమామ చిరునామా రాసిన పిల్లలు నాకు తెలుసు. పాతబస్తీలోని దళిత వాడల పిల్లలూ ఇదే చేస్తారు. వాళ్లకు కులం ఒక గోడ, పేట ఇంకో గోడ.

గల్ఫ్ మాటేమిటని మీరు అడగవచ్చు. ఇక్కడ పని ఇవ్వని నగరాన్ని వదిలి జెడ్డా, రియాద్, దుబాయి వెళ్లిన తరం ఈ గల్లీల్లో పక్కా ఇళ్లు కట్టింది. ఆ దారికీ ముందుగా డబ్బు కావాలి, ఏజెంటుకు, వీసాకు, టికెట్టుకు. అప్పు తీరకముందే 2013లో సౌదీ, ఉద్యోగాల్లో స్థానికులకు వాటా పెట్టే నితాకత్ విధానాన్ని బిగించేసరికి ఎందరో ఉత్తచేతులతో తిరిగొచ్చారు.

దూరదేశంలో జరిగిన ఒక పని చెబుతాను, మనకు పనికొస్తుంది. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఊరి అంచుల్లో ఉంటూ పని వెతుక్కునే యువతకు పరిశోధకులు బస్సు చార్జీలిచ్చారు, అంతే. చార్జీలందినవాళ్లలో రాతపూర్వక ఒప్పందం ఉన్న పని దొరికినవాళ్లు కొద్ది నెలల్లోనే ఎక్కువయ్యారు. మరికొందరికి దరఖాస్తు రాయడం, ఇంటర్వ్యూలో మాట్లాడటం నేర్పి, వాళ్ల నైపుణ్యాలను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే చార్జీల ప్రభావం మిగల్లేదు, శిక్షణ, ధ్రువపత్రం అందుకున్నవాళ్ల సంపాదన మాత్రం పెరిగింది. అరుగు మీద కూర్చుని మాస్టారు చేసిన పని ఎంత విలువైనదో దీన్నిబట్టి గ్రహించండి. ఆయన చేతిలో ధ్రువపత్రం ఇచ్చే అధికారం లేదు, బస్సు చార్జీలకు నిధి లేదు. మనకు రెండూ సాధ్యమే.

ప్రభుత్వాన్ని అడగవలసినవి ఉన్నాయి. ఎంఎంటీఎస్ షిఫ్టుల వేళకు నడవాలి. మెట్రో ముక్క పూర్తి కావాలి. ఆధార్, పాన్, మెమోల్లో పేర్ల తేడాలను ఒకే కిటికీ దగ్గర, ఆదివారం నాడు, ఉచితంగా సరిచేసే ఏర్పాటు ఈ పేటలోనే ఉండాలి. మెకానిక్ షెడ్డుకు, కార్చోబ్ గదికి పరీక్షకుడే వచ్చి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవి పెద్ద ఖర్చులు కావు.

ఈ సభలో దుకాణదారులున్నారు, ఆసుపత్రులు నడిపేవాళ్లున్నారు, ఐటీ కంపెనీల్లో పెద్ద పదవుల్లో ఉన్న మాస్టారి శిష్యులున్నారు. మిమ్మల్ని నేరుగా అడుగుతున్నాను. చట్టం నెలకోసారే జీతమివ్వమని అనలేదు. రోజుకు, వారానికి, పక్షానికి కూడా ఇవ్వవచ్చు. కొత్తగా చేరిన మనిషికి మొదటి రెండు నెలలు వారం వారం జీతమివ్వండి. మీకు ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు. దరఖాస్తు పైన చిరునామా చూసి పక్కన పెట్టిన కాగితాన్ని ఒకసారి వెనక్కి తీసి, ఆ పిల్లవాణ్ణి పిలిచి మాట్లాడండి.

ఇక ఈ ఉపన్యాసాన్ని జరిపిస్తున్న ధర్మనిధి కమిటీ పెద్దలకు నా విన్నపం. ఏటా ఈ నిధి వడ్డీతో హాలు, దండలు, శాలువాలు, భోజనం ఏర్పాటు చేస్తున్నారు. వచ్చే ఏడు నుంచి హాలు, మంచినీళ్లు చాలు. మిగిలింది ఉద్యోగంలో చేరబోయే దబీర్‌పురా పిల్లలకు మొదటి జీతం వచ్చేదాకా బస్సుకు, తిండికి, బట్టలకు కర్జ్-ఎ-హసనాగా, వడ్డీ లేని అప్పుగా ఇవ్వండి. జీతం మొదలయ్యాక వాయిదాల్లో తిరిగి తీసుకుని, ఇంకొకరికి ఇవ్వండి. ఈ ఉపన్యాసానికి నాకిచ్చే పారితోషికం అందులో మొదటి చందాగా రాసుకోండి. రసీదు పుస్తకం బయట బల్ల మీద పెట్టించాను, వెళ్లేముందు మీకు చేతనైనంత అందులో రాసి వెళ్లండి.